అడపంలో ఖాళీ అర

పనిముట్ల పెట్టెలో ఏముండాలన్న ప్రశ్నకు ప్రతి వృత్తీ తనదైన జవాబును తరాల మీద తేల్చుకుంటుంది. కబురు మోసే ఆప్టికల్ ఫైబర్‌ను, అంటే గాజు పోగులను, అతికే పనికి ఇంకా అంత వయసు రాలేదు కనుక, దాని పెట్టె ఎలా ఉండాలో పనివారికి బదులు అమ్మకందారులే నిర్ణయిస్తున్నారు. ఈ వారం ఈ శీర్షికకు విసుగు పుట్టించినది అటువంటి సరుకు ప్రకటన ఒకటి. నల్లని ఫోమ్ దిమ్మలో ఒక్కొక్క పనిముట్టు ఆకారానికి తగ్గట్టు గుంటలు తవ్వి, ఇరవైకి పైగా వస్తువులను కుదురుగా అమర్చిన పెద్ద సూట్‌కేసు అది. అందులో స్క్రూడ్రైవర్లు నాలుగు, ప్లయర్లు రెండు ఉన్నాయి గాని, తెగిన గాజు ముక్కలు వేసుకునే డబ్బా మాత్రం లేదు.

ఏడాదిలో ఒకసారైనా చేతికి రాని పనిముట్టుకు పెట్టెలో చోటు దండగని, పెట్టెలోని ఖాళీ కూడా మోసేవాడి భుజానికి బరువేనని ఈ శీర్షిక ఎన్నిసార్లు వాదించిందో పాత పాఠకులకు కంఠతా వచ్చి ఉంటుంది. ఆ వాదానికి ప్రతిసారీ సాక్ష్యం పలికింది క్షురకుల అడపం. చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి వీలుగా కుట్టిన ఆ తోలు సంచిలో మడత కత్తి, కత్తెర, దువ్వెన, గోళ్లు తీసే చిన్న ఉలి, సానరాయి, కత్తి పదును సరిచేసే తోలుపట్టా, గాటు పడితే అద్దడానికి పటిక ముక్క, చేతి అద్దం, ఒక గిన్నె ఉండేవి. నీళ్లు ఏ గడప దగ్గరైనా దొరుకుతాయి కనుక వాటిని మోయవలసిన అవసరం లేదు, గిన్నె ఒక్కటి చాలు. కూర్చోవడానికి అరుగు ఉంటుంది కనుక పీట మోయనక్కరలేదు. ఊరు ఏమి ఇస్తుందో తెలిసినవాడు తాను ఏమి తెచ్చుకోవాలో కచ్చితంగా తెలుసుకున్నాడని, అడపం చిన్నదిగా ఉండటం పేదరికం వల్ల కాక లెక్క వల్ల వచ్చిన గుణమని ఈ శీర్షిక మురిసిపోతూ వచ్చింది. గాజు పోగుల పెట్టెకు కూడా ఇదే కొలబద్ద సరిపోవాలన్నది సహజమైన ఊహ.

ఆ ఊహను పరీక్షించాలంటే ముందు పని స్వభావం తెలియాలి. రాగి తీగను మెలివేసి టేపు చుడితే మాట సాగుతుంది. గాజు అటువంటి మెలికను ఒప్పుకోదు. కేబుల్ పై తొడుగును, దాని కింద బలానికి వేసిన పసుపు పచ్చని కెవ్లార్ నూలును, నీరు చేరకుండా గొట్టాల్లో నింపిన జెల్లీని తొలగించాక బయటపడే పోగు, రంగు పూతతో కలిపి, 250 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పూత తీశాక మిగిలే గాజు 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే నడిమి దారి దాదాపు 9 మైక్రాన్లు. పుస్తకాల్లో కోర్ అన్న పేరు ఈ నడిమి దారిదే అయినా, పనిలో ఉన్నవారు పోగు మొత్తాన్నే కోర్ అంటారు. 24 కోర్ల కేబుల్ అంటే 24 పోగులది. రెండు పోగుల నడిమి దారులు ఎదురెదురుగా నిలిచి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే విద్యుత్ మెరుపు వేడికి కరిగి ఒకటి కావడమే స్ప్లైసింగ్.

వెలుగులో ఎంత పోయిందన్నదాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. కిలోమీటరుకు నష్టం 20 డెసిబెల్‌లకు తగ్గితే, అంటే కిలోమీటరు చివర నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా, గాజు కబురు మోయగలదని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ప్రతిపాదించారు. నేటి పోగుల్లో 1550 నానోమీటర్ల వెలుగుకు ఆ నష్టం 0.2 డెసిబెల్ దగ్గరకు దిగింది. కాబట్టి 0.1 డెసిబెల్ పోగొట్టే అతుకు ఒక్కటే అరకిలోమీటరు కేబుల్‌ను మింగినట్టు లెక్క. మంచి అతుకులో పోయేది సాధారణంగా 0.05కు మించదు.

ఈ స్వల్పమైన అంకెను నిలబెట్టడానికి కావలసినవాటిని పని వరసలోనే సర్దుకోవడం మేలు. మొదట తొడుగు కోసే కట్టర్, తరువాత కెవ్లార్‌కే ప్రత్యేకించిన కత్తెర, జెల్లీ తుడిచే ద్రావకం, ఆపైన స్లీవ్. విరిగిన ఎముకకు పుత్తూరులో వేసే కట్టు ఎలాంటిదో అతుకుకు స్లీవ్ అలాంటిది. వేడికి ముడుచుకునే గొట్టంలో ఒక సన్నని ఉక్కు పుల్ల, కరిగి పట్టుకునే మరో గొట్టం ఉంటాయి. దాన్ని పోగుకు అతకడానికి ముందే తొడగాలి, ఎందుకంటే అతికిన తరువాత తొడగడానికి పోగుకు కొస అంటూ మిగలదు. ఈ సంగతి మరిచిపోతే ఎంత చక్కని అతుకునైనా తెంపి మొదటికి రావలసిందే. స్ట్రిప్పర్‌తో పూత తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని టిష్యూతో తుడిచినప్పుడు పోగు సన్నగా కీచుమంటే శుభ్రపడినట్టు గుర్తు. చేతులకు రాసుకునే శానిటైజర్ ఇందుకు పనికిరాదు, దానిలోని గ్లిజరిన్ గాజు మీద పొరగా మిగిలిపోతుంది.

తరువాతది క్లీవర్. ఇది గాజును కోయదు. గట్టి బ్లేడుతో ఒక గీటు పెట్టి, వంచి, ఆ గీటు దగ్గర విరుస్తుంది, అద్దాల దుకాణంలో వజ్రపు మొనతో గీత గీసి పలకను విరిచినట్టే. విరిగిన ముఖం నిలువు నుంచి ఒక డిగ్రీకి మించి వాలకుండా ఉంటే మేలు. దాన్ని ఆపైన తాకకూడదు, తుడవకూడదు. బ్లేడు ఒకచోట అరిగితే దాన్ని కొద్దిగా తిప్పి కొత్త అంచు తెచ్చుకోవచ్చు, చాలా క్లీవర్లలో బ్లేడుకు ఇలా 16 స్థానాలు ఉంటాయి. మిగిలినది స్ప్లైసింగ్ మెషిన్ పని. కొన్ని క్షణాల్లో పోగులను ఎదురెదురుగా నిలిపి కరిగిస్తుంది, పక్కనున్న హీటర్‌లో స్లీవ్‌ను ముడుచుకునేలా చేస్తుంది. పోగు ఎక్కడ విరిగిందో చూపే ఎర్ర లైటు, వచ్చే వెలుగును కొలిచే పవర్ మీటర్ చేరితే పెట్టె దాదాపు పూర్తయినట్టే.

దాదాపు అనడానికి కారణం విరిచిన ప్రతి పోగు నుంచి రాలే గాజు ముక్క. అది వెంట్రుక తుంపులా సన్నగా, పారదర్శకంగా ఉంటుంది. చర్మంలో దిగితే కంటికి కనిపించదు, అన్నం ముద్దలో చేరితే ఇంకా ప్రమాదం. అందుకే నల్లని పట్టా పరిచి పని చేయాలని, ముక్కలను టేపుకు అంటించి మూత ఉన్న డబ్బాలో వేయాలని, ఆ చోట తినకూడదని ఈ పనిలో కట్టుబాటు. కంసాలి దుకాణంలోనూ ఇదే క్రమశిక్షణ కనిపిస్తుంది. ఆకురాయి పొడిని ఒళ్లో గుడ్డ పరిచి పట్టుకుంటారు, నేల ఊడ్చిన మట్టిని సైతం కడిగి బంగారపు రవ్వలు ఏరుకుంటారు. రెండు చోట్లా రాలిన రవ్వను వదలకూడదు. ఒకచోట అది విలువైనది కనుక, మరొకచోట అది హాని చేస్తుంది కనుక. ఇంత ముఖ్యమైన డబ్బాకు చోటివ్వని సూట్‌కేసు మీద ఈ శీర్షికకు కోపం రావడంలో వింత లేదు.

మోత సంగతి కూడా సూట్‌కేసుకు ప్రతికూలంగానే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుళ్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా సాగితే, తెలంగాణలో టీ-ఫైబర్ గొట్టాలు మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే పడ్డాయి. కేబుల్ పైన ఉన్నా కింద ఉన్నా, తెగిన చోటికి చేరేది చాలాసార్లు ద్విచక్ర వాహనం మీదే. స్తంభం మీద చుట్టగా వదిలిన అదనపు కేబుల్‌ను దించుకుంటే అతికే పని నేల మీదే సాగుతుంది కనుక, పెట్టెను నిచ్చెన ఎక్కించే శ్రమ తప్పుతుంది. అయినా మెషిన్‌ను కాళ్ల మధ్య ఇరికించుకుని గట్టు దారిలో వెళ్లేవాడికి మరో సూట్‌కేసు భారమే. కనుక భుజాన వేసుకునే సంచి, క్లీవర్‌కు దాని సొంత గట్టి డబ్బా, ఖాళీ లేకుండా కుక్కిన మిగతా సరుకు, అంటే సరిగ్గా అడపమే, ఉత్తమమని తేలవలసి ఉంది.

పని ముగిసే ఘడియను లెక్కలోకి తీసుకోగానే ఈ వాదం బీటలు వారుతుంది. 24 అతుకులూ పూర్తయి, అతుకులను దాచే జాయింట్ క్లోజర్ మూత బిగించి, కేబుల్ చుట్టను తిరిగి స్తంభానికి కట్టేసరికి పొద్దు గూకితే, సంచిలో చేయి పెట్టినవాడికి ఉన్నవే తగులుతాయి గాని లేనిది తగలదు. గడ్డిలో జారిపోయిన స్ట్రిప్పర్ సంగతి మర్నాడు వేరే ఊళ్లో, వేరే తెగిన కేబుల్ ముందు కూర్చున్నప్పుడు గాని తెలియదు. ఫోమ్ దిమ్మలో అయితే స్ట్రిప్పర్ ఆకారంలోనే ఒక గుంట నోరు తెరుచుకుని అక్కడికక్కడే అడుగుతుంది. స్లీవుల విషయంలోనూ ఇంతే. గుప్పెడు తీసి జేబులో వేసుకోకుండా 24 పోగులకు 24 లెక్కపెట్టి ముందు పెట్టుకున్నవారికి, అతికే వేళకు ఒకటి ఎక్కువ కనిపిస్తే, స్లీవ్ లేని పోగు ఏదో మెషిన్ మీదికి వచ్చిందని మెరుపు పుట్టకముందే తెలిసిపోతుంది.

అడపం మీద పెంచుకున్న మమకారాన్ని కూడా ఇప్పుడు మళ్లీ తరచి చూడక తప్పదు. దానిలో దండగ జాగా లేదన్నది నిజమే గాని, అందులోనూ అరలుండేవి. మడిచేటప్పుడు బొటనవేలి కింద మెత్తగా అణిగిన అర, కత్తి ఇంకా ఎవరి అరుగు మీదో ఉందని చెప్పేది. బరువు తక్కువని ఈ శీర్షిక పొగిడిన సంచికి ఖాళీతో మాట్లాడించే నేర్పు కూడా ఉందని ఇన్నేళ్లూ గమనించకపోవడం పొగడ్తలోని లోపం, సంచిలోనిది కాదు.

కాబట్టి ప్రకటనలోని సూట్‌కేసు కొనదలచినవారిని ఈ శీర్షిక ఇక వారించదు. స్క్రూడ్రైవర్లలో రెండింటిని తీసి ఇంట్లో పెట్టి, వాటి గుంటలను చాకుతో కలిపి కాస్త వెడల్పు చేస్తే, మూత గట్టిగా బిగిసే చిన్న డబ్బా అందులో పడుతుంది. రాత్రి పెట్టె మూసే ముందు మొదట చూడవలసిన గుంట అదే, ఎందుకంటే స్ట్రిప్పర్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. గడ్డిలో మరిచిన గాజు ముక్కల డబ్బా మర్నాడు అటుగా వచ్చే పశువుల కాపరి పిల్లవాడి చేతికి దొరుకుతుంది.