లక్కముద్ర వేసిన డిస్కు

సైబర్ భద్రత, అంటే కంప్యూటర్లనూ వాటిని కలిపే నెట్‌వర్కులనూ చొరబాటుదారుల నుంచి కాపాడే పని, పోలీసుకు ఒక తీరుగా, కంపెనీకి ఇంకో తీరుగా, ప్రభుత్వానికి మరో తీరుగా కనిపిస్తుంది. ఈ మూడు చోట్లా ఉద్యోగం చేసిన అమెరికన్ హోవర్డ్ ష్మిట్ (1949–2017) ఈ రంగంలో మొదట నేర్చినది మాత్రం పోలీసు పనే.

అరిజోనాలోని చాండ్లర్ పట్టణ పోలీసు శాఖలోనూ, తరువాత వైమానిక దళ ప్రత్యేక దర్యాప్తు విభాగంలోనూ ఆయన పెంపొందించుకున్న విద్య కంప్యూటర్ ఫోరెన్సిక్స్, అంటే పట్టుబడిన యంత్రంలోని సమాచారాన్ని కోర్టులో నిలిచే సాక్ష్యంగా వెలికితీయడం. అసలు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వని పరికరాన్ని మధ్యలో పెట్టి, బిట్టుకు బిట్టు నకలు తీసి, అసలుకూ నకలుకూ హ్యాష్ విలువ లెక్కగడతారు. మొత్తం సమాచారం నుంచి గణితసూత్రంతో రాబట్టే ఈ చిన్న సంఖ్య, ఎక్కడ ఒక్క బిట్టు మారినా పూర్తిగా మారిపోతుంది గనుక, పంచనామా రాసి మూటకు వేసే లక్కముద్ర చేసే పనే ఇక్కడ అదీ చేస్తుంది. యంత్రాన్ని ఊరికే ఆన్ చేసి చూసినా ఫైళ్ల తేదీలు మారవచ్చు, ఆ మార్పు చాలు, ముద్దాయి తరఫు వకీలు సాక్ష్యాన్నంతా ప్రశ్నించడానికి.

కంపెనీలో ఇంత ఓపిక దొరకదు. మైక్రోసాఫ్ట్‌లోనూ, 2003 నుంచి ఈబేలోనూ భద్రతాధికారిగా ఉన్న ష్మిట్ అడుగుపెట్టిన ఆ లోకంలో సేవ ఆగిన ప్రతి గంటా నష్టమే కాబట్టి, సర్వర్‌ను తుడిచి బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టాలన్న తొందర సహజం. కానీ ఆ తుడుపులో దొంగ అడుగుజాడలు కూడా పోతాయి. తుడవడానికి ముందు నకలు తీసేపాటి వ్యవధి కోసం పట్టుబట్టగలిగేది, ఆ నకలు లేక కేసు వీగిపోతుందని ఎరిగినవారే.

ప్రభుత్వంలో చిక్కు వేరు. 2001 చివర వైట్‌హౌస్‌లోని కీలక మౌలిక వ్యవస్థల రక్షణ మండలికి ఉపాధ్యక్షుడిగా, 2009 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామాకు సైబర్ భద్రతా సమన్వయకర్తగా నియమితులైన ఆయన, విద్యుత్తు, బ్యాంకు, టెలిఫోన్ వ్యవస్థలు చాలావరకు ప్రైవేటు చేతుల్లో ఉన్న దేశంలో ఆజ్ఞాపించడం కన్నా ఒప్పించడమే ఎక్కువగా చేయవలసి వచ్చింది. 2010 మార్చిలో ‘సైబర్ యుద్ధం’ అన్న మాటను ఆయన బహిరంగంగా తోసిపుచ్చారు. అందులో పాత పోలీసు చూపే కనిపిస్తుంది: నేరమన్నప్పుడు నిందితుణ్ణి వెతికి రుజువు చూపాలి, యుద్ధమన్నప్పుడు అనుమానమే చాలుననిపిస్తుంది. ఆ పట్టుదల గౌరవించదగినది. అయితే ఇరాన్‌లోని నటాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజ్ యంత్రాలను దెబ్బతీసిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాం అదే ఏడాది జూన్‌లో బయటపడ్డాక, నేరానికీ యుద్ధానికీ మధ్య ఆ గీతను నిలుపుకోవడం కష్టమైంది. ఆ పని తమదేనని ఏ ప్రభుత్వమూ అధికారికంగా ఒప్పుకోలేదు, ఏ కోర్టులోనూ దానికి ముద్దాయిగా ఎవరూ నిలబడలేదు.