పిండి చెప్పిన టిఫినే

శనివారం మినపగుళ్లు నానబోశామంటే మా ఇంట్లో గురువారం దాకా టిఫిన్ల సంగతి తేలిపోయినట్టే. ఎవరికి ఏం తినాలనుందో పిండికి అనవసరం. ఆదివారం ఇడ్లీ. సోమవారం మళ్లీ ఇడ్లీ, మొహాలు కాస్త ముడుచుకుంటాయి. మంగళవారానికి పులుపెక్కుతుంది, బియ్యప్పిండి కలిపి అట్లు. బుధవారం ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరుగుతో ఊతప్పం. గిన్నె అడుగున మిగిలినదాంట్లో కాస్త మైదా కలిపితే పునుగులు. పిల్లలు వారమంతా ఓర్చుకునేది ఆ అడుగుపిండి కోసమే.

గ్లాసు గుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఈ లెక్క అందరికీ తెలుసు. తెలియాల్సింది నీళ్ల సంగతి. ఒక్కసారే పోస్తే పప్పు రాయి చుట్టూ తిరుగుతుంది తప్ప నలగదు. చిలకరిస్తూ పోవాలి. కాసేపటికి గరగర తగ్గుతుంది, పిండి తెల్లగా ఉబ్బి అంచులకు ఎక్కుతుంది. చిటికెడు తీసి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగిందా, ఇంకా రుబ్బాల్సిందే. మిక్సీ బ్లేడు పప్పును నరికి వేడెక్కిస్తుంది. రాయి నలుపుతూ గాలి పట్టిస్తుంది. భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న కోయంబత్తూరు గ్రైండరు మీద నాకున్న గౌరవం ఊరికే వచ్చింది కాదు.

ఆ తర్వాత మన చేతిలో ఏమీ లేదు. పప్పును అంటిపెట్టుకుని వచ్చిన ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియాయే పిండిని పొంగిస్తుంది. మే నెలలో తెల్లారేసరికి గట్టు మీదికి పొర్లుతుంది. డిసెంబరులో హైదరాబాదు చలికి గిన్నెకు దుప్పటి చుట్టినా ఉలకదు, పలకదు.

అసలు ఈ వారం లెక్క ఫ్రిజ్జు పెట్టింది. మా అమ్మ రోజుల్లో పొట్టుపప్పు నానబెట్టి, పొట్టు పోయేదాకా కడిగి, రుబ్బురోట్లో రుబ్బితే అది మర్నాటికే సరి. రుబ్బిన సాయంత్రమే, పులవకముందే, ఇనప మూకుట్లో నూనె పోసి దిబ్బరొట్టె వేసేది. మూతపెట్టి సన్నసెగ మీద వదిలేస్తే అడుగు ఎర్రగా కరకరలాడేది, లోపల దూది. ఆవకాయతోనా, బెల్లం పానకంతోనా అని ఇల్లు రెండు పార్టీలయ్యేది. నాది పానకం పార్టీ.

ఇప్పుడు ప్యాకెట్ పిండి దొరుకుతోంది, ఇడ్లీకి ఫర్వాలేదు. కానీ రెండు రోజుల్లో ఖాళీ అయ్యే ప్యాకెట్‌తో పునుగుల దాకా వెళ్లేదెప్పుడు? అందుకే గ్రైండరు గట్టు దిగలేదు. రుబ్బినవాళ్లు కడగక్కర్లేదని మా ఇంటి ఒప్పందం. పునుగులు తిన్నవాళ్లంతా దాన్ని ఒప్పుకున్నవాళ్లే, శనివారం రాయి కడిగే వేళకు మాత్రం అందరికీ హోంవర్కు గుర్తొస్తుంది, మా ఆయనకు కూడా.