సాలిహుండం కొండ మీద ఇటుక చక్రాలు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు నుంచి పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో, పనితనం చూడాలనుకునేవాళ్లు తప్పక వెళ్లవలసిన చోటు సాలిహుండం. నౌపడ ఉప్పుమళ్లు, టెక్కలి, నరసన్నపేట దాటి, మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కి, గార మండలం వైపు తిరగాలి. కళింగపట్నానికి పడమరగా, నది దక్షిణపు ఒడ్డున ఉంది ఆ కొండ. దాని మీద బౌద్ధుల స్తూపాలు, చైత్యగృహాలు. అక్కడ దొరికిన విగ్రహాలకు ఒక చిన్న మ్యూజియం.

1919లో ఈ చోటును గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే, సవర భాష నేర్చిన ఆయనే. తర్వాతి తవ్వకాల్లో, క్రీ.పూ. 2వ శతాబ్దం మొదలు క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని తేలింది.

కొండెక్కాక ముందు ఇటుకలు చూడండి. ఇప్పటి ఇటుక కంటే బాగా పెద్దవి, పలకల్లాంటివి. నలుచదరపు ఇటుకతో గుండ్రటి గోడ కట్టడం తేలిక కాదు. లోపలి అంచులు దగ్గరగా, బయటి అంచులు కాస్త ఎడంగా పేరుస్తూ పోతేనే వంపు వస్తుంది. ఒక వరసలో తేడా వస్తే పై వరసలన్నీ దారి తప్పుతాయి. చైత్యగృహం చుట్టూ నడిచి చూస్తే ఆ వంపు ఎంత నిలకడగా సాగిందో తెలుస్తుంది.

అసలు తెలివి స్తూపం కడుపులో ఉంది. ఇక్కడి కొన్ని స్తూపాల పునాది అచ్చం బండి చక్రమే. నడుమ గుండ్రటి కట్టు, దాని నుంచి ఆకుల్లా బయలుదేరిన గోడలు, చుట్టూ అంచు గోడ. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపారు. మొత్తం ఇటుకతో కడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వట్టి మట్టి పోసి చుట్టూ గోడ పెడితే, వానకు నానిన మట్టి ఆ గోడను బయటికి నెట్టేస్తుంది. ఆకు గోడలు మట్టి బరువును వాటాలు వేసుకుని, బయటి గోడను నడిమి కట్టుకు కట్టిపడేస్తాయి. పైగా బౌద్ధులకు చక్రం ధర్మానికి గుర్తు. ఖర్చు, బలం, భక్తి మూడూ ఒకే గీతలో కుదిరాయి.

ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు, దాచిన తీరులోనూ ఇదే శ్రద్ధ. రాతి పేటిక, దాని లోపల స్తూపం ఆకారంలో చెక్కిన స్ఫటికపు భరిణ, అందులో బంగారు రేకు పూలు. స్ఫటికం గట్టిది, పెళుసుది. ఓపిగ్గా అరగదీయడం తప్ప దాన్ని మలచడానికి దగ్గరి దారి లేదు. ఇంత పనీ చేసింది మళ్లీ ఎవరూ చూడకుండా పూడ్చేయడానికే.

మ్యూజియంలో తార, మారీచి విగ్రహాల దగ్గర తీరిగ్గా ఆగండి. అరసవల్లి గుడిలోని సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు. వేకువ దేవత మారీచి రథాన్ని లాగేవి పందులు. ఆమె మూడు ముఖాల్లో ఒకటి వరాహముఖం. విగ్రహాలకు వాడింది మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయి. గార్నెట్ రవ్వలు కలిసి గరుకుగా ఉండే ఈ రాయి సన్న నగిషీకి అంత తేలిగ్గా లొంగదు, ఎండావానలకు త్వరగా అరుగుతుంది. గీతలు అరిగినా రూపం చెడలేదంటే ఆ ఘనత శిల్పిదే. నగల కంటే ముందు ఒంటి వంపును, నిలబడిన తీరును సరిగ్గా పట్టుకున్నాడు.

గోడకు నున్నగా పూత వేస్తే చాలు, పని బాగుందనేస్తాం మనం. ఆ పూత ఊడి, కప్పు కూలి, లోపలి కట్టుబడి బయటపడ్డాక కూడా మెప్పు పొందే పని అరుదు. సాలిహుండం తాపీవాళ్లు ఆ పరీక్షలో నెగ్గారు. వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే కొండెక్కి, మ్యూజియాన్ని తర్వాతకు ఉంచుకోవడం మంచిది. నీళ్ల సీసా మరవకండి.