‘జ్ఞా’ దోషం: నామకరణం, సవరణ – ఒక పరిశీలన

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపమున్న ఒక సందేశం ఐఫోన్‌లలో యాప్‌లను స్తంభింపజేసింది. పత్రికలు దీనిని ‘తెలుగు అక్షర దోషం’గా పేర్కొన్నాయి. ఈ నామకరణం పునఃపరిశీలించదగినది.

‘జ్ఞానం’ అని మామూలుగా రాస్తే ఏ ప్రమాదమూ లేదు. సంయుక్తాక్షరానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విభాజక సంకేతం చేరినప్పుడే చిక్కు ఏర్పడింది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకూ ఇదే గతి పట్టింది. కనుక దోషం లిపిది కాదు. అక్షరాలను తెరపై కూర్చే కోర్‌టెక్స్ట్ లైబ్రరీది. అనేక యాప్‌లు దానిపైనే ఆధారపడినందున ఒకచోటి లోపం అన్నిటికీ సోకింది.

సవరణ విధానం కూడా గమనార్హం. ఐఓఎస్ 11.3 బీటాలో ఈ లోపం అప్పటికే తొలగిపోయింది. అయినా ఆ వెర్షన్ సిద్ధమయ్యేదాకా ఆగక, ఆపిల్ సంస్థ పరిష్కారాన్ని వాడుకలోని 11.2 శ్రేణికే అందించి, ఫిబ్రవరి 19న 11.2.6ను విడుదల చేసింది. 11.3 వెలువడింది మార్చి 29న. కొత్త వెర్షన్‌లోని దిద్దుబాటును పాత శ్రేణికి చేర్చే ఈ పద్ధతినే బ్యాక్‌పోర్టింగ్ అంటారు.

దోషాన్ని అక్షరానికి అంటగడితే, ఆ అక్షరాన్ని మానుకోవడమే పరిహారమవుతుంది. లైబ్రరీలో గుర్తిస్తే దిద్దుబాటు సాధ్యమవుతుంది. సరైన నామకరణం ప్రయోజనం ఇదే.