ప్రతి నుంచి పత్రం దాకా: పాలమూరు సంస్థాన సీమ చెప్పే పరిశోధన పాఠం

ఉపోద్ఘాతం

1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక'ను తెలంగాణ ఆత్మగౌరవ ప్రకటనగా చదవడం సాహిత్య చరిత్రలో స్థిరపడింది. ఆ పఠనంలో తప్పు లేదు. అయితే ఆ సంచికకు మరొక ముఖం ఉంది. ఒక సంపాదకుడు పత్రికాముఖంగా పిలుపునిచ్చి, దూర గ్రామాల నుంచి రచనలు తెప్పించుకొని, వాటిని ఒక క్రమంలో పెట్టి, ఒక వాదానికి సాక్ష్యంగా నిలిపిన గ్రంథం అది. నేటి పరిభాషలో చెప్పాలంటే రచనల ఆహ్వానం, సమర్పణ, పరిష్కరణ, ప్రకటన అనే నాలుగు దశలూ అందులో ఉన్నాయి. పరిశోధన వ్యాసాన్ని సిద్ధం చేసి పత్రికకు సమర్పించడం పరిశోధన ముగిశాక జరిగే లాంఛనమన్న భావన ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో బలంగా ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పరిశోధన చరిత్ర ఈ భావనను అంగీకరించదు. సమర్పణకు సిద్ధం చేయడమే పరిశోధనలో కడపటి పరీక్ష అని ఆ చరిత్ర నిరూపిస్తుంది. ఈ వ్యాసం ఆ కోణాన్ని పరిశీలిస్తుంది.

ఆస్థాన పరీక్ష – పత్రికా పరీక్ష

గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న ప్రసిద్ధి ఉంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాం రాజ్యంలో తెలుగు, సంస్కృత విద్వత్తుకు ఆశ్రయమిచ్చాయి. జటప్రోలు పాలకుడైన సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయం' రచించిన కవి. తూమాటి దోణప్ప 'ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము' వెలువడిన నాటి నుంచి ఈ పోషణ చరిత్ర పరిశోధకులకు సుపరిచితం. ఆస్థానానికి వచ్చిన కవి నేరుగా సన్మానం పొందడు. ఆస్థాన విద్వాంసులు ముందుగా అతని పాండిత్యాన్ని పరీక్షిస్తారు. ప్రభువు ఇచ్చే గౌరవం ఆ పరీక్షాఫలితాన్ని అనుసరించి ఉంటుంది.

ఈ పద్ధతిని నేటి విషయనిపుణుల పరిశీలనకు పూర్వరూపంగా భావించాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ పోలిక కొంత దూరమే సాగుతుంది. ఆస్థానంలో పరీక్షకుడు ఎదుటనే ఉంటాడు; పరీక్షింపబడేది వ్యక్తి. పరిశోధన పత్రికలో ఉభయుల పేర్లూ మరుగున ఉంటాయి. పరీక్షకు నిలిచేది రచన. ఆస్థానంలో ధారణ, ఆశుధార, సమయస్ఫూర్తి ప్రమాణాలు. పత్రికలో ఆధారం, తర్కం, నూతన నిర్ణయం ప్రమాణాలు. సభలో తడబడిన కవికి అది అవమానం. పత్రిక తిప్పి పంపిన వ్యాసం దిద్దుకోవడానికి వచ్చిన అవకాశం మాత్రమే. తిరస్కృతిని నేటికీ సభాపరాభవంగా భావించే పరిశోధకులు తెలియకుండానే ఆస్థాన సంస్కారాన్ని మోస్తున్నారు. అటువంటి వారు సమీక్షకుని ప్రశ్నలకు సమాధానం వెతకడం మాని సమీక్షకుడు ఎవరై ఉంటారోనని వెతుకుతారు.

పిలుపు ఇచ్చిన సాక్ష్యం

సురవరం ప్రతాపరెడ్డి 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించారు; స్వగ్రామం ఇటిక్యాలపాడు. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి 'గోలకొండ పత్రిక' ప్రారంభమైంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపం వచ్చినప్పుడు దానికి సమాధానంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోవడం తేలిక. ఆయన ఆ తేలిక మార్గాన్ని వదిలి పత్రిక ద్వారా కవులను పిలిచారు. 354 మంది కవులతో సంచిక వెలువడింది. 'లేరు' అన్న మాటకు 'ఉన్నారు' అన్న మాట సమాధానం కాదనీ, పేరుతో, ఊరుతో, పద్యంతో చూపడమే సమాధానమనీ ఆయన గ్రహించారు. పరిశోధన పద్ధతిలో ఇది మౌలికమైన పాఠం.

అయితే సంచిక పరిమితులను కూడా విమర్శ గుర్తించవలసి ఉంది. పిలుపు పత్రికలో వచ్చింది కనుక పత్రిక చేరని చోట పిలుపూ చేరలేదు. రాయగలవారు, రాసినదాన్ని పంపగలవారు అందులో చోటు పొందడానికి వీలైంది. నోటి పాటతో, వీధి భాగవతంతో బతికిన కవిత్వం ఈ పద్ధతికి లోబడదు. 354 అన్న సంఖ్య ఒక ఆక్షేపాన్ని ఖండించడానికి చాలుతుంది. ఆ కవుల కవితాగుణాన్ని నిర్ణయించడానికి చాలదు. సంచికను ప్రస్తావించే అనేక వ్యాసాలు సంఖ్యను చెప్పి ఆగిపోతాయి. గద్వాల సీమ కవులు ఎందరు, వారు ఎన్నుకున్న ఛందస్సులేమిటి, సంస్థానాశ్రయం లేని కవుల వస్తువు వేరుగా ఉందా వంటి ప్రశ్నలు వేసుకోకుండా సంచికను ప్రశంసించడం దానిని మళ్లీ మూసివేయడమే. సురవరం వారు సేకరించి పెట్టినది ముడి ఆధారం. దానిని ప్రశ్నించే పని తరువాతి పరిశోధకులది.

ఆధారప్రతి – అనుమానం

వనపర్తి సంస్థానంతో పేరు ముడిపడిన మానవల్లి రామకృష్ణకవి (1866–1957) కథ మరింత తీవ్రమైనది. మరుగున పడిన గ్రంథాలను వెలికితీయడం ఆయన సంకల్పం. నన్నెచోడుని 'కుమారసంభవము'ను 1909లో ఆయన ముద్రించడంతో తెలుగు సాహిత్య చరిత్ర కదిలింది. నన్నెచోడుడు నన్నయకు పూర్వుడన్న ఆయన నిర్ణయం ఆదికవి స్థానాన్నే ప్రశ్నించింది. తరువాతి విమర్శకులలో అధికులు ఆ కవిని 12వ శతాబ్దికి చెందినవాడిగా భావించారు. కొందరు మరింత ముందుకు వెళ్లి కావ్యం కల్పితమేమోనని కూడా శంకించారు.

ఆ శంక నిలిచిందా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. శంక ఎక్కడ పుట్టిందన్నది ప్రధానం. ఒక గ్రంథం వెలుగులోకి వచ్చినప్పుడు పాఠకుని ముందు ముద్రిత పాఠం ఒక్కటే ఉంటే, పరిష్కర్త మీద విశ్వాసమే దానికి ఆధారమవుతుంది. విశ్వాసం సడలిన రోజున గ్రంథమూ సడలుతుంది. ఆధారప్రతి ఎక్కడ ఉంది, ఎన్ని పత్రాలు, ఎన్ని లోపించాయి, లిపి ఎటువంటిది, పరిష్కర్త ఎక్కడ దిద్దాడు, దిద్దకముందు పాఠమేమిటి అన్న వివరాలు పక్కనే ఉంటే ఆ వాదాన్ని తరువాతి వ్యక్తి స్వయంగా తూచుకోగలడు. కాల నిర్ణయ చర్చల్లో రేఫ, శకటరేఫల ప్రాస, అరసున్న వంటి సూక్ష్మాంశాలే సాక్షులు. పరిష్కర్త ఒక్క అక్షరాన్ని నిశ్శబ్దంగా సరిదిద్దినా ఒక సాక్షి నోరు నొక్కినట్లే.

ఇదే పండితుడు బరోడా గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో అభినవభారతితో కూడిన నాట్యశాస్త్రాన్ని పరిష్కరించారు. మొదటి సంపుటం 1926లో వెలువడింది. వ్యాఖ్యాన ప్రతులు ఎంత చెడిపోయి ఉన్నాయో ఆయన పీఠికలో దాచలేదు. ఆ సంపుటానికి 1956లో మరొక పండితుని చేతిలో సంస్కరించిన ముద్రణ వచ్చింది. మొదటి పరిష్కర్త తన సామగ్రి దుస్థితిని చెప్పి ఉంచడం వల్ల రెండవ వ్యక్తి పని సులభమైంది. పరిశోధకుడు తన అనిశ్చయాన్ని ఒప్పుకోవడం బలహీనత కాదని, తరువాతి వ్యక్తికి దారి విడవడమని ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టమవుతుంది.

విశ్వవిద్యాలయానికి వెలుపల

నాగర్‌కర్నూలు ప్రాంతానికి చెందిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) పాలెం ప్రాచ్య కళాశాలలో బోధించారు. 'పాలమూరు జిల్లా దేవాలయాలు' మొదలుకొని స్థలచరిత్ర, శాస్త్రగ్రంథాలు, కావ్యాలు అనేకం రచించారు. ఊరూరూ తిరిగి, గుడిని, శాసనాన్ని, ఊరిపేరును, వృద్ధుల జ్ఞాపకాన్ని ఒకే చోట చేర్చిన కృషి అది. ఇటువంటి రచనలపై విశ్వవిద్యాలయ పరిశోధన రెండు విధాల అన్యాయం చేస్తోంది. మొదటిది, వాటి నుంచి సమాచారం తీసుకొని మూలాన్ని పేర్కొనకపోవడం. రెండవది, పేర్కొన్నా పరీక్షించకపోవడం. స్థలపురాణంగా చెప్పిన మాట ఒక వ్యాసంలో చారిత్రకాంశంగా మారి, ఆ వ్యాసాన్ని ఉటంకించిన మరో వ్యాసంలో నిర్ధారణగా స్థిరపడుతుంది. క్షేత్ర పరిశోధకుడు ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే నమోదు చేసి ఉండవచ్చు. దానిని చరిత్రగా మార్చిన తొందర వ్యాసకర్తది.

కాల నిర్ణయంలో ఈ ప్రమాదం ఎక్కువ. సంస్థాన పత్రాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది కనుక, డిసెంబరు వరకు 590, జనవరి నుంచి 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. శాలివాహన శకానికి సామాన్యంగా 78 కలుపుతారు. సంవత్సరనామం ఒక్కటే ఉంటే చిక్కు మరింత పెరుగుతుంది. ప్రభవ 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది. మూలంలో ఉన్న సంవత్సరాన్ని యథాతథంగా ఇచ్చి, లెక్కను పక్కన చూపినప్పుడే పాఠకుడు దానిని సరిచూడగలడు. లెక్క ఫలితాన్ని మాత్రమే ఇచ్చిన వ్యాసంలో ఒక సంవత్సరం తేడా వచ్చినా పట్టుకునే మార్గం ఉండదు.

నేటి సమర్పణ

పరిశోధన వ్యాసానికి నేడు పరిపాలనా ప్రయోజనం ఎక్కువైంది. నియామకం, పదోన్నతి, పట్టా ప్రతిదీ ప్రచురణతో ముడిపడ్డాయి. యూజీసీ 2019లో 'కేర్' జాబితాను అమలులోకి తెచ్చి, 2025లో దానిని విరమించింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు వ్యాసప్రచురణ తప్పనిసరి అన్న నిబంధన 2022 నియమావళిలో లేదు. జాబితా ఉన్నప్పుడు పత్రిక నాణ్యతను నిర్ణయించే బాధ్యత జాబితాది అనుకున్నారు. ఇప్పుడు ఆ బాధ్యత శాఖలకు, సంపాదకవర్గాలకు, వ్యాసకర్తలకు తిరిగి వచ్చింది. ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే. అది నాణ్యతకు హామీ కాదు. సమర్పించిన రెండు రోజుల్లో అంగీకారపత్రం పంపే చోట పరిశీలన జరిగిందని నమ్మడం కష్టం.

2018 నాటి యూజీసీ నియమాలు 10 శాతం వరకు సారూప్యతను దండనార్హంగా పరిగణించవు. ఆ అంకె తెలుగు పరిశోధనలో వింత ఫలితాలనిస్తోంది. సారూప్యత లెక్క తగ్గించడానికి ఉదాహృత పద్యాలను తొలగించే ధోరణి ఒకవైపు, పాత గ్రంథంలోని పేరాను పర్యాయపదాలతో మార్చి రాసే ధోరణి మరొకవైపు కనిపిస్తున్నాయి. మొదటిది సాక్ష్యాన్ని తొలగించడం. రెండవది చౌర్యాన్ని యంత్రానికి కనబడకుండా చేయడం. అంకీకరించని పాత ముద్రణ నుంచి తీసినదాన్ని ఏ యంత్రమూ గుర్తించలేదు. అందువల్ల ఈ రంగంలో నిజాయితీకి కాపలా యంత్రం కాలేదు. సంస్థాన సాహిత్యం చదివిన సమీక్షకుడే కాపలా.

అక్షర రూపం కూడా చిన్న విషయం కాదు. పాత ముద్రణ ఫాంట్లలో కూర్చిన వ్యాసాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు శకటరేఫ, అరసున్న, అరుదైన సంయుక్తాక్షరాలు చెదిరే ప్రమాదం ఉంది. కుమారసంభవ చర్చ ఏ అక్షరాలపై నడిచిందో అవే అక్షరాలు ఇక్కడ ముందుగా జారిపోతాయి. సమర్పణకు ముందు ప్రతి పద్యాన్నీ మూలంతో గణాలు లెక్కించి సరిచూడడం వ్యాసకర్త కర్తవ్యం. అచ్చుచిత్తు చూసే వారిపై దానిని వదిలివేయడం తగదు.

సంస్థాన సాహిత్యంపై వస్తున్న వ్యాసాల్లో ఒక మూస స్థిరపడింది. సంస్థాన పరిచయం, వంశక్రమం, పోషణ, కవి జీవితం, కొన్ని పద్యాలు, ప్రశంస, ముగింపు. ఇందులో ప్రశ్న లేదు కనుక సమాధానమూ లేదు. ఈ మూసను విడిచిపెట్టడానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు. శీర్షికను ఒక్క సమస్యకు కుదించడం, అంతకుముందు జరిగిన పరిశోధన ఎక్కడ ఆగిందో చెప్పడం, చూసిన ప్రతిని చూసిన చోటు, తేదీతో నమోదు చేయడం, మౌఖిక సమాచారం ఇచ్చిన వారి అనుమతి తీసుకోవడం, ఒక వ్యాసాన్ని ఒక పత్రికకే పంపడం, సమీక్షకుని ప్రతి అభ్యంతరానికీ దిద్దుబాటు గాని, దిద్దకపోవడానికి కారణం గాని రాయడం చాలు.

ముగింపు

గద్వాల సీమకు చెందిన సంపాదకుడు లేరన్న మాటను పిలుపుతో పరీక్షించారు. వనపర్తితో ముడిపడిన పరిష్కర్త కృషి, ఆధారప్రతిని చూపడం ఎంత అవసరమో తన విజయంతోనూ, తనపై వచ్చిన అనుమానంతోనూ తెలియజేసింది. నాగర్‌కర్నూలు పరిశోధకుడు విశ్వవిద్యాలయం వెళ్లని చోట్లకు వెళ్లి నమోదు చేశారు. ఈ ముగ్గురి కృషినీ పొగడుతూ రాసే వ్యాసాలకు కొరత లేదు. వారి ఆధారాలను తిరిగి తెరిచి, అవసరమైన చోట విభేదించే వ్యాసాలు అరుదు. ఈ మూడు జిల్లాల ఇళ్లలో, ఆలయాల్లో, మఠాల్లో మిగిలిన తాళపత్రాలు, చేతిరాత ప్రతులు ఏటికేడు శిథిలమవుతున్నాయి. సరిగా వివరించి ప్రకటించని ప్రతి నశించిన తరువాత దాని గురించి ఎవరు ఏమి చెప్పినా నమ్మవలసిందే, లేదా శంకించవలసిందే. ఆ స్థితి రాకుండా చూడగలిగినది శ్రద్ధగా సిద్ధం చేసిన వ్యాసం ఒక్కటే.