నీళ్లు పోయని కుండీ

చలికాలం వచ్చేసరికి మా పెరట్లో ఒక కుండీ బోసిపోతుంది. చూసినవాళ్లు మొక్క చచ్చిందనుకుని మట్టి పారబోయమంటారు. నేను పారబోయను, చుక్క నీళ్లు కూడా పోయను. లోపల అగ్నిశిఖ దుంప ఉంది. నల్లమలలో, తూర్పు కనుమల్లో తొలకరికి పొదల మధ్య లేచే తీగ ఇది. అడవి నాభి అన్నా ఇదే. తమిళనాడుకు రాష్ట్ర పుష్పం.

అగ్నిశిఖ ఎండకు చావదు, అకాలపు తడికి చస్తుంది. ఆకులు పండి తీగ వాలిపోయాక దుంపకు చెమ్మ తగిలితే కుళ్లుతుంది. అందుకే కుండీని చూరు కిందికి జరిపి, మళ్లీ వానలు పడేదాకా ముట్టుకోను. మిగతా మొక్కలన్నీ నీళ్లకోసం అల్లాడే ఎండల్లో దీన్ని పట్టించుకోకుండా ఉండటం కష్టమే. కానీ దీని పెంపకంలో అసలు పని అదే.

దుంప రెండు పాయలుగా చీలి ఉంటుంది. మొలక ఆ పాయల కొసల నుంచే వస్తుంది; కొస విరిగితే ఆ పాయ ఇక మొలవదు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఆకు ఎరువు కలిపి, రెండు మూడంగుళాల లోతున దుంపను అడ్డంగా పడుకోబెట్టాలి. తీగ లేచాక తాడు కట్టక్కర్లేదు. ఆకు కొసే నులితీగలా సాగి, పక్కన గుచ్చిన ఎండుకంపను చుట్టుకుంటుంది.

పువ్వు నేలచూపులు చూస్తుంది, ఆరు రేకులు మాత్రం వెనక్కి తిరిగి మంటలా పైకి లేస్తాయి. మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, చివరికి ఎరుపు. కీలం పక్కకు మడతపడి, కేసరాలకు దూరంగా జరిగి ఉంటుంది. సీతాకోకచిలుకలు రాకపోతే కాయ నిలవదు. తమిళనాడులో గింజల కోసం సాగుచేసే రైతులు పుప్పొడిని చేత్తో అద్దుతారు. నేనూ సన్నని కుంచెతో అద్దుతాను.

గౌట్ నొప్పులకు వాడే కొల్చిసిన్ ఈ మొక్కలో ఉంది. అదే విషం కూడా. దుంపను కందగడ్డ అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గ్లవ్స్ లేకుండా నేను దుంపను పట్టుకోను.

అడవిలో తవ్వి తెచ్చిన దుంపలు అమ్మకానికి వస్తే దయచేసి కొనకండి. గింజ నాటితే పువ్వుకు మూడు నాలుగేళ్లు పట్టొచ్చు, పట్టనివ్వండి. మా కాయలు పగలగానే ఎర్రటి గింజలు పొట్లం కట్టి అడిగినవాళ్లకిస్తాను. చంటిపిల్లలున్న ఇంటికి మాత్రం ఇవ్వను.