మైదానము చుట్టూ పరుగు, బంతి వెంట పరుగు

విజయనగరమునుండి రాయపూరుకు 1931లో రైలుమార్గము పూర్తియైన పిదప ఆ దారిని వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు గూడ, ఛత్తీస్‌గఢీ పిల్లలతో కలిసి, వైశాఖపుటెండ ముదరకముందే మైదానమునకు చేరుదురు. చేరినంతనే వారికి విధింపబడునది మైదానము చుట్టూ పది రౌండ్లు. అట్లు తిరిగిననే దమ్ము పెరుగునని పాతకాలపు కోచ్‌ల విశ్వాసము.

ఆ విశ్వాసమును నేను తృణీకరింపను. నార్వే యువ ఫుట్‌బాల్ క్రీడాకారులపై హెల్గెరుడ్ ప్రభృతులు 2001లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగేసి నిమిషముల తీవ్రమైన పరుగును, నడుమ మూడేసి నిమిషముల మందగమనముతో, నాలుగు పర్యాయములు, వారమునకు రెండు దినములు, ఎనిమిది వారములు సాధించినవారు ఆటలో పరుగెత్తు దూరము నూటికి ఇరువది పాళ్లు పెరిగెను. కాని అచట తీవ్రతకు కొలతయు, విశ్రాంతికి లెక్కయు గలవు. ఉసూరుమనుచు ఈడ్చుకొనిపోవు రౌండ్లకు ఆ రెండును లేవు. పైగా 2006లో ఇంపెల్లిజెరి బృందము చిన్నజట్ల ఆటను ఆ పరుగుతో పోల్చి చూడగా, దమ్ములో లాభము ఇంచుమించు సమానముగనే తేలెను. సమానమైనప్పుడు బాలునికి బంతినేల దాచవలెను?

నలుగురికెదురు నలుగురిని చిన్న చతురస్రములో నిలిపినచో, బంతి చేజారిన మరుక్షణమే వెనుదిరుగవలసిన బాలునికి నడుముపై చేతులుంచుకొను తెరపియైనను దొరకదు. బంతి గీత దాటినంతనే కోచ్ మరొక బంతిని లోనికి వేయవలెను. లేనిచో తీవ్రత సడలిపోవును.

1951, 1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా స్వర్ణము తెచ్చిన మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం డ్రిబ్లింగు నిషేధించిన పోటీలను, వాటముగాని కాలితోనే ఆడవలసిన పోటీలను నడిపెను. డ్రిబ్లింగు లేనిచోట బంతినందించినవాడు వెంటనే ఖాళీలోనికి పరుగెత్తక తప్పదు గనుక, నైపుణ్యమునకై పెట్టిన ఆ నియమము దమ్మును గూడ పెంచియుండునని నా నమ్మకము.

ఆట యీయజాలనిది కండబలము. ‘ఫిఫా 11+’ అను ఇరువది నిమిషముల వార్మప్‌తో నార్వే బాలికలలో గాయములు ఇంచుమించు మూడింట నొకవంతు తగ్గినట్లు 2008లో వెల్లడియయ్యెను. అందొక అభ్యాసమున, జతగాడు మడమలనదిమిపట్టగా, మోకాళ్లపై నిలిచి, నడుము వంచక, మెల్లమెల్లగా ముందుకు వాలవలెను. తొడ వెనుక కండరము గడగడ వణకును. దీనికి ఖర్చు లేదు, పచ్చికయున్న చాలును. ఐనను మన మైదానములలో దీనిని చేయించువారు అరుదు.

నిలువున ఎదుగుచున్న యేట, మోకాటిచిప్ప క్రింద నొప్పియని చెప్పిన పిల్లవానిని సోమరియని తిట్టి, అదనముగా రౌండ్లు తిప్పించుటను నేను సహింపజాలను. నొప్పి తగ్గువరకు వానికి పరుగును, గెంతును తగ్గించి, నిలిచి బంతినందించు పని యప్పగింపవలెను.